పాత డ్రిల్ ప్రెస్‌లో బిగుసుకుపోయిన చక్ ఊడదీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత మెషిన్ల చక్‌లు, అంటే బిట్‌ను దవడలతో పట్టుకునే భాగాలు, తుప్పు వల్ల పాడైన దానికంటే, అవి ఎలా బిగించి ఉన్నాయో చూడకుండా సుత్తి ఎత్తడం వల్ల పాడైనవే ఎక్కువ. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ లోపలి బిగింపు నాలుగు రకాలు. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదాన్ని విరగ్గొడుతుంది. అందుకే రెండో ప్రశ్నకు జవాబు చదివాకే పనిముట్లు బయటికి తీయండి.

అసలు చక్ ఊడదీయాల్సిన అవసరం ఉందా?

చాలాసార్లు ఉండదు. దవడలు కదలకపోవడమే సమస్య అయితే చక్‌ను మెషిన్ మీదే ఉంచి కిరోసిన్‌తో కడిగి, కీతో అటూ ఇటూ తిప్పుతూ ఉంటే చాలావరకు దారికొస్తుంది. దవడలు అరిగి బిట్ జారిపోతున్నా, చక్ బాడీ పగిలినా, టేపర్ షాంక్ (కొసకు సన్నబడే కాడ) ఉన్న పెద్ద బిట్ నేరుగా స్పిండిల్‌లో, అంటే తిరిగే ఇరుసులో, పెట్టాలన్నా, క్విల్ (స్పిండిల్‌ను మోస్తూ కిందకు దిగే గొట్టం) విప్పి బేరింగులు మార్చాలన్నా అప్పుడు తీయాల్సిందే.

నా మెషిన్‌లో చక్ ఏ రకంగా బిగించారో ఎలా తెలుస్తుంది?

ప్లగ్ పీకేసి, టార్చ్ తీసుకుని, పాత గ్రీజంతా తుడిచేసి చూడండి. ఈ తుడవడం వదిలేయొద్దు. నల్లగా గట్టిపడిన గ్రీజు స్లాట్‌ను పూర్తిగా పూడ్చేసి, అక్కడ రంధ్రమే లేదనిపిస్తుంది.

ముందు లివర్ తిప్పి క్విల్‌ను పూర్తిగా దించండి. దాని పక్కన నిలువుగా పొడవాటి స్లాట్ కనిపిస్తే లోపల మోర్స్ టేపర్ అనే రకం బిగింపు ఉన్నట్టే. చక్ ఒక ఆర్బర్ (చక్‌ను స్పిండిల్‌కు కలిపే కడ్డీ) మీద ఉంటుంది, ఆర్బర్ పై కొస స్పిండిల్ లోపలికి దూరి ఉంటుంది. చిన్న మెషిన్లలో క్విల్ పైకి ఉన్నప్పుడు ఈ స్లాట్ హెడ్ లోపల దాక్కుంటుంది. దించకుండా చూసి లేదనుకోవద్దు.

స్లాట్ లేకపోతే చక్ వెనక భాగానికీ స్పిండిల్ మీది మెట్టుకూ మధ్య సన్నటి సందు ఉందేమో చూడండి. ఉంటే స్పిండిల్ కొసే టేపర్‌గా ఉండి, చక్ దాని మీద నేరుగా ఎక్కి ఉంటుంది. దీన్ని జేకబ్స్ టేపర్ అంటారు. కొన్ని దేశాల మెషిన్ల మీద బి16, బి18 లాంటి గుర్తులు ఉంటాయి.

ఆ సందులో చుట్టూ రంధ్రాలో గాట్లో ఉన్న రింగ్ కనిపిస్తే అది మూడో రకం. ఆ రింగే చక్‌ను తోసి పంపేస్తుంది.

ఇవేవీ కాకపోతే దవడలు పూర్తిగా తెరిచి, కింద నుంచి లోపలికి టార్చ్ వేయండి. అడుగున స్క్రూ తల కనిపించినా, చక్ మీద 1/2-20, 3/8-24 లాంటి అంకెలు చెక్కి ఉన్నా అది మరల చక్, అంటే స్క్రూ చుట్లతో స్పిండిల్‌కు బిగించినది.

మరలు లేకుండా ఇంత గట్టిగా ఎలా పట్టుకుంటుంది?

ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న రెండు స్టీలు గ్లాసులను విడదీయడానికి తంటాలు పడ్డవారికి ఇది చెప్పక్కర్లేదు. మోర్స్ టేపర్ వాలు సుమారు 20కి 1. కోణం అంత తక్కువగా ఉంటే రెండు లోహాల మధ్య రాపిడే దాన్ని జారకుండా ఆపుతుంది. మీరు రంధ్రం వేసిన ప్రతిసారీ కింది నుంచి వచ్చే ఒత్తిడి దాన్ని ఇంకాస్త లోపలికి నెడుతుంది. ఏళ్ల తరబడి అలా నెట్టి నెట్టి, పైన కాస్త తుప్పు చేరితే అదే మీ సమస్య.

ఇందులో మంచి విషయం ఒకటుంది. టేపర్ వెంట్రుకవాసి కదిలితే చాలు, మొత్తం పట్టు ఒక్కసారిగా పోతుంది. స్క్రూలా కొంచెం కొంచెంగా వదలదు. కాబట్టి ఎంత గట్టిగా కొట్టామన్నదాని కంటే దెబ్బ ఏ దిశలో, ఎక్కడ పడిందన్నదే ముఖ్యం.

అన్ని పద్ధతులకూ వర్తించే నియమం ఏదైనా ఉందా?

ఉంది. తోసేది, ఎదురు నిలిచేది, రెండూ విడిపోవాల్సిన ముక్కలే కావాలి. మధ్యలోకి బేరింగ్ రాకూడదు. చక్ చుట్టూ పుల్లర్ (పట్టి లాగే పనిముట్టు) తగిలించి క్విల్‌ను ఆసరా చేసుకుని లాగితే ఆ బరువంతా స్పిండిల్ బేరింగ్ బంతుల మీద పడుతుంది. చక్ రాకపోవచ్చు గానీ ఆ బంతులు కూర్చునే దారిలో గుంటలు పడతాయి. ఆ తర్వాత మెషిన్ గరగరమంటుంది. కింద చెప్పబోయే డ్రిఫ్ట్, వెడ్జ్‌లు, రింగ్, ఇవన్నీ ఈ నియమాన్ని పాటించేవే.

క్విల్‌లో స్లాట్ ఉంది. ఎలా తీయాలి?

దీనికి వాడే పనిముట్టు డ్రిఫ్ట్. చదునుగా, ఒక కొస సన్నగా ఉండే స్టీలు చీల. దాని ఒక అంచు గుండ్రంగా, ఇంకో అంచు చదునుగా వాలుగా ఉంటుంది. టేపర్ నంబరుకు తగిన సైజు తీసుకోవాలి.

స్లాట్ క్విల్‌లో ఒకటి, లోపల తిరిగే స్పిండిల్‌లో ఒకటి. చక్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ ఉంటే రెండూ ఎదురెదురుగా వచ్చి అవతలి వైపు వెలుతురు కనిపిస్తుంది. ఆ కిటికీలో కింది భాగాన చదునైన నాలుక లాంటిది కనబడుతుంది. అదే టాంగ్, ఆర్బర్ పై కొస.

ఇప్పుడు క్విల్‌ను లాక్ చేయండి. లాక్ లేని మెషిన్‌లో డెప్త్ స్టాప్ నట్లతో (క్విల్ ఎంత దిగాలో ఆపేవి) ఆపండి, లేదా ఇంకొకరిని లివర్ పట్టుకోమనండి. టేబుల్‌ను పైకి తెచ్చి, చక్ కింద రెండు వేళ్ల ఎడంలో చెక్క ముక్క పెట్టండి. చక్ ఊడితే దాని మీద పడాలి, మీ కాలి మీద కాదు. అంతకంటే ఎక్కువ ఎత్తు నుంచి పడితే ఆర్బర్ కొస సొట్టపోవచ్చు.

డ్రిఫ్ట్‌ను గుండ్రటి అంచు పైకి, వాలు అంచు టాంగ్ మీదికి వచ్చేలా దూర్చండి. తిరగేసి పెడితే స్లాట్ పై అంచు నలిగి, స్పిండిల్ లోపల లోహం లేస్తుంది. తర్వాత ఏ ఆర్బరూ సరిగ్గా కూర్చోదు. చేత్తో బిగుతుగా నెట్టాక, డ్రిఫ్ట్ వెడల్పాటి కొస మీద మధ్యస్థంగా ఉన్న సుత్తితో చురుగ్గా ఒక దెబ్బ వేయండి. కళ్లద్దాలు తప్పనిసరి. గట్టి స్టీలు మీద గట్టి స్టీలు పడితే రవ్వలు ఎగురుతాయి.

చెవి పెట్టి వినండి. బిగుతుగా ఉన్నంతసేపూ దెబ్బ టంగుమని మోగుతుంది. పట్టు వదిలిన దెబ్బకు శబ్దం మొద్దుబారుతుంది, ఆ వెంటనే చక్ చెక్క మీద పడుతుంది. నాలుగైదు దెబ్బలకూ శబ్దం మారకపోతే సుత్తి పెద్దది చేయొద్దు. డ్రిఫ్ట్‌ను బిగుతుగా అలాగే వదిలి, కింద చెప్పిన వేడి పద్ధతికి రండి. కాకపోతే ఇక్కడ వేడి చేయాల్సింది చక్‌ను కాదు, స్పిండిల్ కొసను. లాగుడు మీద ఉన్న టేపర్‌కు కాస్త వేడి, కాస్త కుదుపు చాలు.

డ్రిఫ్ట్ లేదు. పెద్ద స్క్రూడ్రైవర్ వాడొచ్చా?

వద్దు. దాని మొన స్లాట్ అంచును తింటుంది, వాలు చాలదు, చివరికి అదే ఇరుక్కుంటుంది. చదునైన మైల్డ్ స్టీలు పట్టీని డ్రిఫ్ట్ ఆకారంలో ఫైలుతో అరగదీసుకుంటే ఒక్కసారి పనికి సరిపోతుంది.

స్లాట్‌లో చూస్తే టాంగ్ కనిపించడం లేదు.

మూడు కారణాలు. మొదటిది, అది విరిగిపోయి ఉండొచ్చు. రెండోది, అంతకుముందు వాడినవారు టాంగ్ లేని పొట్టి ఆర్బర్ పెట్టి ఉండొచ్చు. మూడోది గ్రీజు. సన్నటి తీగతో గీకి చూడండి.

టాంగ్ నిజంగా లేకపోతే, స్లాట్ గుండా ఆర్బర్ నెత్తిన చిన్న స్టీలు ముక్క పెట్టి, దాని మీద నుంచి డ్రిఫ్ట్ నడపండి. డ్రిఫ్ట్ వాలుకు అందేంత మందంగా ఉంటే చాలు. కొన్ని మెషిన్లలో స్పిండిల్ పైదాకా బోలుగా ఉంటుంది. పుల్లీ మూత తీస్తే పైనుంచి పొడవాటి కడ్డీ దించి కొట్టొచ్చు. అయితే ఇక్కడ దెబ్బ బేరింగుల గుండా పోతుంది, కాబట్టి ఇది వేరే దారి లేనప్పుడే.

స్లాట్ లేదు, చక్ వెనక సందు మాత్రం ఉంది.

ఇక్కడ జత వెడ్జ్‌లు కావాలి. గుర్రపు నాడాలా చీలి, ఒక వైపు మందంగా ఇంకో వైపు పల్చగా ఉండే రెండు స్టీలు ముక్కలు. చీలిక వెడల్పు స్పిండిల్ మెడను దాటేంత ఉండాలి, మరీ వదులైతే అంచుల మీదే కూర్చుని జారిపోతాయి.

ఒకదాన్ని ఒక వైపు నుంచి, రెండోదాన్ని ఎదురు వైపు నుంచి దూర్చండి. ఒకదాని మందం ఇంకోదాని పల్చదనం మీద పడి, పైన కింద తలాలు సమాంతరంగా నిలుస్తాయి. ఒక్కటే వాడితే చక్‌ను పక్కకు వంచుతుంది, ఊడదీయదు. తర్వాత సుత్తితో కొట్టడం కంటే సి-క్లాంప్‌తో రెండింటినీ దగ్గరికి నొక్కడం నాకు నచ్చిన పద్ధతి. ఒత్తిడి నెమ్మదిగా పెరుగుతుంది, స్పిండిల్ మీద పక్క దెబ్బ పడదు. క్లాంప్ ఇంక తిరగనంత బిగించాక చక్ పక్కన ఇత్తడి సుత్తితో చిన్నగా తట్టండి. పెద్ద చప్పుడుతో ఒక్కసారిగా వస్తుంది, ఉలిక్కిపడొద్దు.

సందు మరీ ఎక్కువగా ఉంటే చదునైన స్టీలు వాషర్‌ను సగానికి కోసి నింపండి.

వెడ్జ్‌లు పూర్తిగా లోపలికి వెళ్లాయి. అయినా కదల్లేదు.

ఒత్తిడి తీయకుండా వేడి చేయండి. చక్ బయటి భాగం వ్యాకోచించాలి, లోపలి టేపర్ చల్లగా ఉండాలి. హీట్ గన్ చాలు. చక్ చుట్టూ తిప్పుతూ రెండు మూడు నిమిషాలు, స్పిండిల్ మెడకు మాత్రం చల్లటి తడి గుడ్డ.

దీనివల్ల ఎంత లాభమో లెక్క చూడండి. స్టీలు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 16 మి.మీ. వ్యాసం ఉన్న టేపర్ దగ్గర 80 డిగ్రీల తేడా తెస్తే వచ్చేది 0.015 మి.మీ. అంతేనా అనిపిస్తుంది. కానీ ఈ సైజు జేకబ్స్ టేపర్ వాలు దాదాపు 16కి 1 కాబట్టి, నిలువు దిశలో అది దాదాపు పావు మిల్లీమీటరు ఖాళీతో సమానం. టేపర్ విడిపోవడానికి అది చాలా ఎక్కువ.

ఆలస్యం చేస్తే వేడి లోపలి టేపర్‌కూ పాకి రెండూ కలిసి పెరుగుతాయి, లాభం పోతుంది. త్వరగా వేడి, వెంటనే తట్టు.

గ్యాస్ టార్చ్ వాడొచ్చా?

నేనైతే వాడను. 200 డిగ్రీలు దాటాక దవడల గట్టిదనం తగ్గడం మొదలవుతుంది. మెరుగు పెట్టిన స్టీలు మీద లేత పసుపు రంగు తేలిందంటే దాటిపోయినట్టే. పైగా ముందురోజు పోసిన ఆయిల్ అంటుకుంటుంది. మోర్స్ టేపర్ మెషిన్లలో వేడి చేయాల్సింది చక్‌ను కాదు, స్పిండిల్ కొసను. దాని వెనకే బేరింగ్ గ్రీజు ఉంటుంది. అక్కడ 100 డిగ్రీలకు లోపే ఆగండి.

ఏ ఆయిల్ పోయాలి?

తుప్పు వదిలించే స్ప్రే ఏదైనా ఫర్వాలేదు. అసిటోన్, ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్ సగం సగం పోసి బాగా ఊపి వాడేవారూ ఉన్నారు. రాత్రంతా నాననివ్వండి. మోర్స్ టేపర్‌కు స్లాట్ గుండా పైనుంచి, మిగతావాటికి సందులో చుట్టూ. కానీ ఆయిల్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. బాగా కూర్చున్న టేపర్‌లో ఆయిల్ దూరే చోటే ఉండదు. తుప్పు పట్టిన అంచు వరకే అది సాయం చేస్తుంది. అసిటోన్ వాడాక హీట్ గన్ పట్టుకోవాలంటే అది పూర్తిగా ఆరాలి.

చక్ పైన రంధ్రాలున్న రింగ్ ఉంది. ఏం చేయాలి?

మీకు పని తేలిక. కింద నుంచి చూస్తూ రింగ్‌ను అపసవ్య దిశలో తిప్పితే అది చక్‌ను కిందకు తోస్తుంది. రంధ్రాలుంటే సరిపోయే పిన్ను, గాట్లుంటే హుక్ స్పానర్. ఉలి పెట్టి కొట్టొద్దు, గాట్లు చెదిరిపోతే రింగ్ పట్టు దొరకదు. స్పిండిల్ తిరగకుండా పైన పుల్లీని తోలు బెల్టుతో బిగించి పట్టుకోండి.

మరల చక్ అయితే?

ముందు లోపలి స్క్రూ. అది ఉంటే దాదాపు ఎప్పుడూ ఎదురు చుట్లదే, అంటే సవ్య దిశలో తిప్పితే ఊడుతుంది. మామూలు స్క్రూలా తిప్పి తల చెడగొట్టేవారే ఎక్కువ. అది తీశాక పెద్ద అలెన్ కీ పొట్టి కాలును చక్‌లో బిగించి, పొడుగు కాలి మీద అపసవ్య దిశలో చురుగ్గా ఒక దెబ్బ. దిశలన్నీ కింద నుంచి, దవడల వైపు నుంచి చూస్తే. నెమ్మదిగా లాగితే బెల్టు జారుతుంది, చురుకు దెబ్బకు స్పిండిల్ బరువే ఎదురు నిలుస్తుంది.

పైప్ రెంచ్‌తో తిప్పేస్తే?

చక్ పారేయదలచుకుంటే తిప్పండి. జేకబ్స్ టేపర్‌ను మెలిపెట్టి వదిలించొచ్చు. మోర్స్ టేపర్‌లో మాత్రం టాంగ్ అడ్డుపడి విరుగుతుంది.

ఏ పద్ధతికీ లొంగలేదు. చక్ పోయినా ఫర్వాలేదు, స్పిండిల్ దక్కాలి.

జేకబ్స్ టేపర్ చక్‌కైతే నమ్మకమైన దారి ఉంది. మామూలు కీ చక్‌లలో మధ్య భాగం అంత గట్టి లోహం కాదు. దవడల వైపు నుంచి సరిగ్గా మధ్యలో రంధ్రం వేసి, దానికి మరలు కోసి, బోల్టు బిగిస్తే ఆ బోల్టు స్పిండిల్ కొసను తోస్తుంది. బలమంతా చక్‌కూ స్పిండిల్‌కూ మధ్యే ఉంటుంది, బేరింగుకు తెలియను కూడా తెలియదు.

మధ్యలో రంధ్రం వేయడానికి మెషిన్‌నే వాడుకోవచ్చు. 8.5 మి.మీ. బిట్‌ను మొన పైకి వచ్చేలా వైస్‌లో నిలబెట్టాలి. సరిగ్గా మధ్యకు రావాలంటే ముందు ఆ బిట్‌ను మొన పైకి ఉండేలా చక్‌లోనే బిగించి, కిందకు దించి, వైస్‌తో పట్టి, వైస్‌ను టేబుల్‌కు బోల్టులతో బిగించి, ఆ తర్వాత చక్ వదులు చేయండి. దవడలు పూర్తిగా తెరిచి, అతి తక్కువ స్పీడులో చక్‌ను బిట్ మీదికి దించండి. పొట్టు కిందకే రాలుతుంది. బిట్ ఒక్కసారిగా ఖాళీలోకి జారినట్టయినా, కీచుమన్నా ఆపేయండి, అది స్పిండిల్ కొస. తర్వాత ఎం10 ట్యాప్‌తో మరలు కోసి, ఎం10 బోల్టు. కొన్ని చక్‌లకు ఈ రంధ్రం ముందే ఉంటుంది, అందుకే ముందు టార్చ్ వేసి చూడండి.

కీలెస్ చక్‌కు, అంటే కీ లేకుండా చేత్తో బిగించేదానికి, ఇలా చేయొద్దు. లోపలి స్క్రూ, దవడలు అన్నీ చెడతాయి, కొన్నింటిలో షాంక్, చక్ ఒకే ముక్క కూడా.

చక్ వచ్చింది, ఆర్బర్ స్పిండిల్‌లోనే ఉండిపోయింది.

నష్టమేమీ లేదు. స్లాట్ ఉంటే డ్రిఫ్ట్‌తో పైన చెప్పినట్టే. చక్ బరువు లేదు కాబట్టి కింద చెక్క ఇంకాస్త దగ్గరగా పెట్టండి.

టేపర్ మీద గీతలు, తుప్పు మచ్చలు ఉన్నాయి. ఎలా బాగుచేయాలి?

గుంట పడితే ఫర్వాలేదు, లేచిన లోహమే ప్రమాదం. వేలి గోరు అడ్డంగా నడిపితే తగిలే చోటు అదే. నున్నటి నూనె రాయితో ఆ లేచిన చోటు మాత్రమే అరగదీయండి. ఎమెరీ పేపర్ చుట్టి మొత్తం టేపర్‌ను రుద్దితే ఆకారం పోతుంది. తర్వాత మార్కర్ పెన్నుతో నిలువుగా మూడు గీతలు గీసి, చక్ ఎక్కించి, కొద్దిగా తిప్పి తీయండి. గీతలు పొడవునా చెదిరితే టేపర్ బాగా కూర్చుంటోంది. ఒక్క చివరే చెదిరితే లేచిన చోటు ఇంకా ఉంది, లేదా రెండు ముక్కలు వేర్వేరు సైజులు.

కొత్త చక్ ఏ సైజు తీసుకోవాలి?

వెర్నియర్‌తో టేపర్ రెండు చివర్లా కొలవండి. ఒక చివరి కొలతతో కొంటే మోసపోతారు. జేకబ్స్ 33 లావు చివర 15.85 మి.మీ., సన్న చివర 14.24. జేకబ్స్ 6 సన్న చివర కూడా 15.85 మి.మీ.యే, లావు చివర 17.17. బి16 లావు చివర 15.73, సన్న చివర 14.5 దగ్గర. జేకబ్స్ 33 మీద బి16 చక్ ఎక్కినట్టే ఎక్కుతుంది, ఒక అంచునే పట్టుకుని పని మధ్యలో ఊడుతుంది. మోర్స్ టేపర్ అయితే లావు చివర నంబర్ 2కు 17.78 మి.మీ., నంబర్ 3కు 23.83 మి.మీ.

తిరిగి ఎలా బిగించాలి?

రెండు తలాలనూ అసిటోన్ లాంటిదానితో తుడిచి ఆరనివ్వండి. ఆయిల్, గ్రీజు, జిగురు ఏదీ వద్దు. 'మళ్లీ ఇరుక్కోకుండా' అని గ్రీజు పూసేవారుంటారు. ఆ చక్ తిరుగుతుండగానే ఊడి టేబుల్ మీద దొర్లుతుంది.

దవడలను పూర్తిగా లోపలికి లాగేయండి. బయటికి ఉంటే దెబ్బ వాటి మీద పడుతుంది. టేపర్‌లో పైకి నెట్టి, టాంగ్ ఉన్నదైతే తిప్పుతూ స్లాట్‌లో పడేలా చూసి, చక్ కింద చెక్క పెట్టి లివర్‌తో గట్టిగా నొక్కండి. లేదా రబ్బరు సుత్తితో ఒకటి రెండు తట్లు. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

బిగించాక పని మధ్యలో చక్ ఊడిపోతోంది.

టేపర్ మురికి, లేచిన లోహం, తప్పు సైజు, వీటిలో ఏదో ఒకటి. ఇవేవీ కాకపోతే పని తీరు చూసుకోండి. డ్రిల్ ప్రెస్‌లో మిల్లింగ్ కట్టర్ పెట్టి పక్కకు నెడితే ఏ టేపరూ నిలవదు. అది నిలువు ఒత్తిడికి చేసిన బిగింపు.

అంతా చేశాక కూడా బిట్ ఊగుతోంది. ఎక్కడ లోపం?

ఒక్కో మెట్టూ విడిగా చూడండి. డయల్ గేజ్‌ను (చిన్న ఊగునూ ముల్లుతో చూపే పనిముట్టు) ముందు ఖాళీ స్పిండిల్ టేపర్ మీద, తర్వాత ఆర్బర్ మీద, ఆఖరున చక్‌లో పట్టిన నేరైన కడ్డీ మీద పెట్టి చేత్తో తిప్పండి. ఊగు ఏ మెట్టులో ఎక్కువైతే లోపం అక్కడే. స్పిండిల్ దగ్గరే కనిపిస్తే కొత్త చక్ కొనడం దండగ, బేరింగులు చూడాలి. ఆర్బర్ దగ్గర మొదలైతే దాన్ని తీసి సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కించి చూడండి. కొన్నిసార్లు రెండు లోపాలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. అప్పుడు ఆ స్థానాన్ని రెండింటి మీదా చిన్న చుక్కతో గుర్తు పెట్టుకుంటే, ఇంకోసారి ఊడదీసినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.